అమెరికా పోస్టు బండి: పెట్రోలా, కరెంటా?

2024లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఆథెన్స్‌లో బాతు ముక్కు లాంటి ముందు భాగమున్న కొత్త పోస్టు బండ్లు తిరగడం మొదలైన దగ్గర్నుంచి ఇక్కడి మనవాళ్లు ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు: "పెట్రోలు బండి కొంటే సరిపోయేది కదా, కరెంటుకు అంత ఖర్చు ఎందుకు?"

ఎల్‌ఎల్‌వీలు అనే పాత పోస్టు బండ్లను ఇంకా నడిపించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1987 నుంచి 1994 వరకు తయారయ్యాయి, 24 ఏళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. మంటలు అంటుకున్నవి వందల్లో ఉన్నాయి. జూలై ఎండలో ఆ రేకు డబ్బాలో కూర్చుని ఉత్తరాలు పంచే మనిషిని చూస్తే ఆ వాదన అక్కడితో ఆగిపోవాలి.

అసలు పోటీ కొత్త పెట్రోలు బండికీ, కొత్త కరెంటు బండికీ మధ్యే. రెండూ ఆష్‌కాష్ కంపెనీవే, పైకి ఒకేలా ఉంటాయి. కొనేటప్పుడు పెట్రోలుది చవక, బంకు ప్రతి వీధిలో ఉంది. ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ మైలేజీ చూడండి. ఏసీ వేసుకుని నడిపితే గాలన్‌కు 8.6 మైళ్లని పోస్టల్ శాఖే లెక్క చెప్పింది. అంటే లీటరుకు మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. ముప్పై ఏళ్ల కిందటి బండి కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది. ఇంత డబ్బు పోసి మళ్లీ అక్కడికే రావడం నాకు మింగుడు పడలేదు.

నా దృష్టిలో తేల్చేది ధర కాదు, బండి రోజంతా చేసే పని. పోస్టు బండి హైవే మీద పరుగెత్తదు. ఒక మెయిల్‌బాక్స్ దగ్గర ఆగుతుంది, ఇరవై అడుగులు కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. పెట్రోలు ఇంజనుకు ఇంతకంటే కష్టమైన పని లేదు. కరెంటు బండికి ఇదే సుఖం: ఆగి ఉన్నప్పుడు మోటారు ఏమీ తాగదు, బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తి బ్యాటరీకి తిరిగి వస్తుంది. సగటున రోజుకు తిరిగేది 21 మైళ్ల లోపే. బ్యాటరీకి చెప్పిన దూరం 70 మైళ్లు. సుమారు 1,77,000 రూట్లలో కరెంటు బండికి సరిపడనివి 1.5 శాతమేనని పోస్టల్ శాఖలో తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే 2022లో చెప్పింది. రోజు వాడకం బ్యాటరీలో మూడో వంతే అయితే ప్రతి రాత్రీ ప్రతి బండికీ చార్జర్ అక్కర్లేదు, ఒకదాన్ని రెండు మూడు బండ్లు వంతులవారీగా వాడుకోవచ్చు. చలికాలంలో బ్యాటరీ తగ్గుతుంది కాబట్టి ఉత్తరాది రాష్ట్రాల్లో ఈ లెక్క కాస్త బిగుతుగానే ఉంటుంది.

చిక్కంతా బండి రాత్రి పడుకునే చోట ఉంది. పాత పోస్టాఫీసు ఆవరణకు అంత కరెంటు లాగాలంటే ట్రాన్స్‌ఫార్మర్, తవ్వకాలు, విద్యుత్ సంస్థతో నెలల తరబడి తిరుగుళ్లు. అందుకే పెద్ద కేంద్రాల్లో బండ్లను ఒకచోట చేరుస్తున్నారు, 2024 జనవరిలో దక్షిణ అట్లాంటాలో మొదటి చార్జింగ్ కేంద్రం చూపించారు. అయితే కేంద్రం దూరమైతే పోస్ట్‌మ్యాన్ రూటు మొదలయ్యే చోటికి వెళ్లి రావడమే ఎక్కువవుతుంది, ఆ మైళ్లనూ కలిపి చూడాలి. బండ్లు రావడం కూడా నత్తనడకే. 2022 డిసెంబరులో 2028కల్లా 66,000 కరెంటు బండ్లు అన్నారు. 2024 నవంబరుకు ఆష్‌కాష్ నుంచి చేతికొచ్చిన కొత్త బండ్లు వంద కూడా లేవు.

ఆష్‌కాష్ బండ్లు కాక, 2023లో 9,250 ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్ వ్యాన్లు కొనాలని ఒప్పందం చేసుకున్నారు. త్వరగా దొరుకుతాయి, పార్శిళ్లకు బాగుంటాయి. కానీ స్టీరింగు ఎడమవైపే ఉండటంతో, కుడివైపు రోడ్డు వారనున్న ఉత్తరాల డబ్బాలో సీట్లోంచే ఉత్తరం వేయడం కుదరదు. ఇక పెట్రోలూ కరెంటూ కలిపిన హైబ్రిడ్ అంటే ఇంజనూ, బ్యాటరీ రెండింటి మరమ్మతూ నెత్తిన వేసుకోవడమే.

నేనైతే మామూలు ఊరి రూట్లన్నిటికీ కరెంటు బండే ఇస్తాను, డబ్బు ముందు చార్జర్ల మీద పెట్టి. మైళ్ల కొద్దీ ఇల్లు కనపడని పల్లె రూట్లు కొన్ని ఉంటాయి. అక్కడ ఇంకొన్నేళ్లు పెట్రోలు బండే తిరిగినా తప్పు పట్టను.