ఓర్లాండోలో ‘డిస్నీ పక్కనే’ అని పెద్ద హోటల్ బుక్ చేస్తున్నారా? కాస్త ఆగండి

ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చారు, పిల్లలకి సెలవులు, ఈసారి డిస్నీ వరల్డ్ చూపిద్దాం, ఖర్చయినా సరే పార్క్ పక్కనే మంచి హోటల్‌లో దిగుదాం, వాళ్లకి శ్రమ ఉండదు. ఇలా ఆలోచిస్తున్న వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. డబ్బు కట్టకముందే చదవండి.

మేం ఉండేది అట్లాంటా దగ్గర. అత్తయ్యగారు, మామయ్యగారు, పిల్లలు, మావారు, నేను కలిసి ఒక లాంగ్ వీకెండ్‌కి కార్లో వెళ్లాం. హోటల్ పేరు రాయడం లేదు. బిల్లు మీద క్రెడిట్ కార్డ్ కంపెనీ దగ్గర డిస్ప్యూట్ ఇంకా నడుస్తోంది. పైగా నేను చెప్పబోయే పద్ధతుల్లో చాలావరకు ఆ చుట్టుపక్కల ఒక్క హోటల్‌కే సొంతం కావు. అది డిస్నీ నడిపే హోటల్ కాదు అన్న సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది. లాబీలో పాలరాయి, పైకప్పు దాకా పూలు, అడుగడుగునా ‘వెల్‌కమ్’. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ముందు ఈ ‘పక్కనే’ సంగతి చూద్దాం. వెబ్‌సైట్‌లో పార్కుకి నిమిషాల దూరం అని రాస్తారు. ఏ పార్కుకి? వాల్ట్ డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు. దాదాపు 43 చదరపు మైళ్ల స్థలం. అందులో నాలుగు థీమ్ పార్కులు, రెండు వాటర్ పార్కులు, వాటి మధ్య హైవేల్లాంటి రోడ్లు. ఆ స్థలం అంచుకి ఆనుకుని హోటల్ ఉన్నా ‘డిస్నీ పక్కనే’ అనేయొచ్చు. అబద్ధమని నిలదీయలేం.

పిల్లలు కలవరించే సిండ్రెల్లా కోట మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఉంది. దాని పార్కింగ్ పార్కు ముందు ఉండదు, పెద్ద చెరువుకి ఇవతలి ఒడ్డున ఉంటుంది. డిస్నీ సొంత హోటళ్ల బస్సులు పార్కు గుమ్మం దగ్గరికే వెళ్తాయి. మా హోటల్ షటిల్ మాత్రం చెరువుకి ఇవతల, ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గరే దింపేసింది. అక్కడ సెక్యూరిటీ, ఆ తర్వాత మోనోరైలు గానీ ఫెర్రీ గానీ ఎక్కి చెరువు దాటాలి. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన నడవకూడదనే అంత డబ్బు పోసి ఈ హోటల్ తీసుకుంటే, లోపలికి వెళ్లకముందే ఆయన సగం అలిసిపోయారు.

అసలు ఆ షటిల్ దొరకడమే గగనం. దానికి ముందురోజే సీట్లు రిజర్వ్ చేసుకోవాలట. చెక్-ఇన్ దగ్గర ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. పొద్దున్నే తయారై కిందికి దిగితే, లిస్టులో పేర్లున్న వాళ్లని ఎక్కించుకుని బస్సు మా కళ్లముందే వెళ్లిపోయింది. తర్వాతిది గంట దాటాక. స్ట్రోలర్ మడిస్తేనే ఎక్కనిస్తామన్నారు. నిద్రపోతున్న పిల్లవాణ్ని భుజాన వేసుకుని ఒంటి చేత్తో స్ట్రోలర్ మడవడం ఎలాగో అప్పుడు నేర్చుకున్నాను. రాత్రి చివరి బస్సేమో బాణసంచా అయిపోక ముందే ఉంది. బాణసంచా చూడకుండా పిల్లలు కదుల్తారా? ఊబర్‌కి రెట్టింపు కట్టి గదికి చేరాం.

బుక్ చేసేవాళ్లు చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. డిస్నీ సొంత హోటళ్లలో దిగిన వాళ్లని రోజూ పార్కు తెరిచే టైమ్‌కి అరగంట ముందే లోపలికి పంపిస్తారు. క్యూ తప్పించే లైట్నింగ్ లేన్ పాసులు వాళ్లు ఏడు రోజుల ముందు నుంచే కొనుక్కోవచ్చు, బయట దిగిన వాళ్లయితే మూడు రోజుల ముందు నుంచే. చూడ్డానికి చిన్న తేడా. కానీ బాగా డిమాండ్ ఉన్న రైడ్ల మంచి టైమింగులు మన వంతు వచ్చేసరికి మిగలవు. డిస్నీవి కాకపోయినా కొన్ని హోటళ్లకి ఈ సౌకర్యాలు ఉన్నాయి, వాటి జాబితా డిస్నీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మా హోటల్ ఫొటోల నిండా కోట బొమ్మే, జాబితాలో మాత్రం దాని పేరు లేదు. డిస్నీ వాళ్ల అన్నిటికన్నా చౌక రకం హోటళ్లు, ఆల్-స్టార్, పాప్ సెంచురీ లాంటివి, వాటిల్లో దిగిన వాళ్లు మాకంటే తక్కువ కట్టి మాకంటే ముందు లోపలికి వెళ్లారు. వాళ్లకి హోటల్లో పార్కింగ్ కూడా ఉచితం, పార్కుల దగ్గర పార్కింగూ ఉచితమే.

ఇక బిల్లు. స్క్రీన్ మీద చూసిన రేటు వేరు, చివరికి కట్టింది వేరు. రూల్స్ ఏమీ లేవని కాదు. 2025 మే 12 నుంచి అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ఒకటి అమల్లో ఉంది. రిసార్ట్ ఫీజు (వైఫై, జిమ్ లాంటి వాటి పేరు చెప్పి గది అద్దె మీద వేసేది) లాంటి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన రేటునే మొదట చూపించాలి. అయితే ప్రభుత్వ పన్నులు అందులో కలపక్కర్లేదు. పార్కింగ్ లాంటివి ‘కావాలంటే తీసుకునేవి’ కాబట్టి అవీ బయటే ఉంటాయి. కార్లో వచ్చినవాడు పార్కింగ్ ‘వద్దు’ అని ఎలా అంటాడో నాకైతే అర్థం కాలేదు.

ఉదాహరణకి గది రాత్రికి 300 డాలర్లు అనుకుందాం. రిసార్ట్ ఫీజు 45. పన్ను ఈ రెండిటి మీదా పడుతుంది. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో సేల్స్ టాక్స్ 6.5, టూరిస్ట్ టాక్స్ 6, మొత్తం 12.5 శాతం, అంటే 43 డాలర్లు. కిస్సిమ్మీ వైపు, ఆసియోలా కౌంటీలో దిగితే 13.5 శాతం. పార్కింగ్ రోజుకి 35 వేసుకోండి. స్క్రీన్ మీద ఫీజు కలిపి 345 అని చూసింది 423 అయింది. రెండు గదులైతే రిసార్ట్ ఫీజు రెండుసార్లు. తడిసి మోపెడవడం అంటే ఇదే. ఇంతకీ ఆ రిసార్ట్ ఫీజుకి మాకిచ్చింది వైఫై, మేం అడుగే పెట్టని జిమ్, రోజుకి రెండు నీళ్ల సీసాలు, ఆ ఎక్కలేకపోయిన షటిల్.

అసలు కోపం వచ్చింది ఫ్రిజ్ దగ్గర. అత్తయ్యగారికి రాత్రి పెరుగన్నం లేనిదే నిద్ర పట్టదు. ఇంటి నుంచి స్టీలు డబ్బాలో పెరుగు, పులిహోర తెచ్చుకున్నాం. గదిలో ఫ్రిజ్ తెరిస్తే దాని నిండా చిన్న చిన్న సీసాలు, చాక్లెట్లు, జీడిపప్పు డబ్బాలు. ఓ నాలుగు సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టి, ఆ జాగాలో పెరుగు డబ్బా పెట్టాం. మర్నాడు హోటల్ యాప్‌లో చూస్తే ఆ సీసాలన్నిటికీ చార్జ్ పడి ఉంది. ఒక్కటి మూత కూడా తియ్యలేదు. రిసెప్షన్‌లో అడిగితే ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది, ప్రతి సీసా కింద సెన్సర్ ఉంటుందట, ఎత్తి కాసేపట్లో తిరిగి పెట్టకపోతే కొన్నట్టేనట. ఫ్రిజ్ తలుపు లోపలి వైపు, కింద మూలన, చీమ తలకాయంత అక్షరాలతో ఆ సంగతి రాసే ఉంది. తర్వాత టార్చ్ వేసి చూశాను.

అత్తయ్యగారు అంతా విని, “ఏమ్మా, పెరుగు పెట్టుకున్నందుకు మందు బిల్లు వేశారా?” అన్నారు. మామయ్యగారు ఇంకా ఆ మాట చెప్పుకుని నవ్వుతున్నారు.

సీసాల చార్జీలు తీసేశారు. వాటి బదులు, వాళ్ల ఫ్రిజ్‌లో మన సామాను పెట్టుకున్నందుకు ఇంకో ఫీజు వేశారు! కాబట్టి ఇలాంటి హోటల్‌లో దిగితే ఆ ఫ్రిజ్‌ని ముట్టుకోకండి. ఫోన్ చేసి విడిగా చిన్న ఫ్రిజ్ పంపమని అడగండి. ఇన్సులిన్ లాంటి మందులు ఉన్నాయంటే చాలా చోట్ల డబ్బు తీసుకోకుండా ఇస్తారు. మైక్రోవేవ్ కూడా గదిలో ఉంటుందనుకోవద్దు. హైవే పక్కన మామూలు సూట్ హోటల్‌లో ఫ్రిజ్, మైక్రోవేవ్, ఉచిత బ్రేక్‌ఫాస్ట్, చాలా చోట్ల ఉచిత పార్కింగ్ ఉంటాయి. అమెరికాలో హోటల్ స్థాయి పెరిగేకొద్దీ ఉచితంగా వచ్చేవి తగ్గిపోతాయి. మన ఊళ్లో స్టార్ హోటల్ అంటే గది రేటులోనే టిఫిన్ కలిసి ఉంటుందన్న అలవాటుతో మామయ్యగారు దర్జాగా బఫేకి బయల్దేరారు. తలకి ఎంతో బోర్డు మీద చూసి, “గదిలో పులిహోర ఉందిగా” అంటూ వెనక్కి తిరిగారు.

గదుల విషయం. లోపల్నుంచే తలుపు ఉండే కనెక్టింగ్ రూమ్స్ అడిగాం. పిల్లలు రాత్రి నానమ్మ దగ్గరికి వెళ్తారు, పెద్దవాళ్లకి ఏదైనా అవసరమైతే మేం పక్కనే ఉంటాం కదా అని. బుకింగ్ సైట్‌లో టిక్ పెట్టాం, కన్ఫర్మేషన్ మెయిల్‌లోనూ వచ్చింది. తీరా వెళ్తే ఒక గది ఒక వింగ్‌లో, ఇంకోటి ఇంకో వింగ్‌లో. మధ్యలో స్విమ్మింగ్ పూల్, కన్వెన్షన్ హాల్. అదేమిటంటే మెయిల్‌లో ఉన్నది ‘రిక్వెస్ట్’ మాత్రమేనట. బుకింగ్ సైట్‌కి ఫోన్ చేస్తే హోటల్‌ని అడగమన్నారు, హోటల్ వాళ్లు సైట్‌ని అడగమన్నారు. కొన్ని పెద్ద చెయిన్లు బుక్ చేసేటప్పుడే కనెక్టింగ్ రూమ్స్ ఖాయం చేస్తాయి, కానీ వాళ్ల సొంత సైట్‌లో లేదా ఫోన్‌లో చేస్తేనే. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు పది డాలర్లు తక్కువని మధ్యవర్తి సైట్‌కి వెళ్లకండి.

పార్క్ వ్యూ అని అదనంగా కట్టిన గది కిటికీలోంచి కనిపించింది పార్కింగ్ గరాజ్ పైకప్పు, దాని వెనక చెట్లు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఇండియా కార్డులు వాడేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మామయ్యగారు పట్టుబట్టి తమ గదికి తన కార్డే ఇచ్చారు. చెక్-ఇన్ దగ్గర గది రేటుకి అదనంగా, ఏదైనా వాడుకుంటారేమో అని రోజుకి ఇంత చొప్పున హోల్డ్ పెట్టారు. వెళ్లేటప్పుడు బిల్లు మళ్లీ పూర్తిగా తీసుకున్నారు. మొదటి హోల్డ్ బ్యాంకు వదిలేదాకా కార్డు మీద ఆ డబ్బు బ్లాక్ అయిపోయింది. డెబిట్ కార్డు అయితే అకౌంట్లో ఉన్న సొమ్మే ఇరుక్కుంటుంది, అందుకని హోటల్‌కి డెబిట్ కార్డు ఇవ్వనే ఇవ్వకండి. ఇంకా, మెషీన్ మీద రూపాయల్లోనా డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు చెప్పిందే. చూడ్డానికి తెలిసిన లెక్కలా కనిపిస్తుంది, అక్కడే చేతి చమురు వదులుతుంది.

ఓర్లాండోలోనే డిస్నీకి పోటీగా ఉన్న యూనివర్సల్ థీమ్ పార్కులకి వెళ్లేవాళ్లు కూడా ఇలాగే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అక్కడ పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు హోటళ్లలో దిగితే క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గది రేటులోనే వస్తుంది. అది పాత పార్కులు రెండిటికే. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో పనికిరాదు, అది ఉన్నదీ వేరే చోట. ఎపిక్ కోసం వెళ్తూ ఆ పాస్‌ని నమ్ముకుని అక్కడ గది తీసుకుంటే డబ్బు వృథా.

డిస్నీలోనే నిజంగా నడిచి పార్కులోకి వెళ్లాలనుకుంటే కొన్ని హోటళ్లు ఉన్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కాంటెంపరరీ, డిస్నీ వాళ్ల ఇంకో పార్కు ఎప్‌కాట్‌కి బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్, స్వాన్, డాల్ఫిన్ లాంటివి. చౌక కావు. కానీ కట్టిన డబ్బుకి నడక తగ్గుతుంది. అంత పెట్టలేకపోతే డిస్నీ చౌక హోటలో, లేదా వంటిల్లు ఉన్న మామూలు సూట్ హోటల్‌లో దిగి కారేసుకుని వెళ్లడమో మేలు. మధ్యలో ఉన్న ఈ ‘పక్కనే’ బాపతు పెద్ద హోటళ్లతోనే తంటా. వాటికి వెళ్లాల్సే వస్తే షటిల్ మొదటి బస్సు, చివరి బస్సు టైములు, పార్కులో ఎక్కడ దింపుతారు, అరగంట ముందు ఎంట్రీ ఉందా, పార్కింగ్ ఎంత అనేవి హోటల్‌కే మెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకోండి. ఫోన్‌లో తియ్యగా చెప్పింది డెస్క్ దగ్గర ఎవరికీ గుర్తుండదు.

ఖాళీ చేసే రోజు తలుపు కింద నుంచి బిల్లు తోసి వెళ్తారు. అప్పుడు చూద్దాంలే అంటే హడావుడిలో కుదరదు. ముందురోజు రాత్రే యాప్‌లోనో టీవీలోనో బిల్లు తెరిచి ఒక్కో లైనూ చూసుకోండి. తేడా ఉంటే అక్కడున్నప్పుడే మేనేజర్‌ని పిలవండి, మొహమాటపడకండి. తేలకపోతే క్రెడిట్ కార్డు మీద డిస్ప్యూట్ వేయొచ్చు. అమెరికా కార్డయితే, ఆ చార్జ్ ఉన్న మొదటి స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. నేను మేం వచ్చిన వారంలోనే వేశాను, కన్ఫర్మేషన్ మెయిల్, కిటికీలోంచి తీసిన ఫొటోలు, ఫ్రిజ్ స్టికర్ ఫొటో జతచేసి. ఫ్రిజ్ ఫీజు హోటల్ వాళ్లే వెనక్కి వేశారు. పార్క్ వ్యూ కోసం కట్టిన అదనపు డబ్బు మాత్రం ఇంకా రాలేదు. అక్కణ్నుంచి పార్కు కనిపిస్తుందనే వాళ్ల వాదన, చెట్లు లేకపోతే.