విమానంలో సినిమా చూడాలంటే ఫోనా, ట్యాబ్లెట్టా?

రెండు గంటల ప్రయాణానికి ఫోన్ చాలు. నాలుగు గంటలు దాటితే మాత్రం ట్యాబ్లెట్టే మేలు. తెర పెద్దదని మాత్రమే కాదు, దిగాక తర్వాతి విమానం బోర్డింగ్ పాస్‌కీ, ఇంటికి కాల్ చేయడానికీ ఫోన్‌లో చార్జింగ్ మిగలాలి కదా!

చార్జింగ్ దగ్గరే ట్యాబ్లెట్ ఇబ్బంది పెడుతుంది. సీటు దగ్గరి పాత యూఎస్‌బీ పోర్టు 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే 2.5 వాట్లే ఇవ్వొచ్చు. తెర వెలుగుతుంటే ట్యాబ్లెట్ బ్యాటరీ పెరగకపోగా తగ్గుతుంది. ఫోన్‌కైతే ఆ కాస్త కరెంటూ కొంత ఆసరా. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్లలోపు ఉండాలి (3.7 వోల్టుల లెక్కన సుమారు 27,000 ఎంఏహెచ్), చేతి సంచిలోనే పెట్టాలి.

ముందు సీటు వెనక్కి వాలితే ట్రే మీది ట్యాబ్లెట్ ఇరుక్కుని తెర పగలొచ్చు. ఫోన్‌ను చేత్తో పట్టుకోవచ్చు, కానీ మెడ నొప్పి ఖాయం.

మెమరీ కార్డు స్లాట్ ఉన్న ట్యాబ్లెట్ కొంటే స్టోరేజీ బెంగ తగ్గుతుంది. కార్డు ఫ్యాట్32లో (కార్డులో ఫైళ్లను అమర్చే పాత పద్ధతి) ఉంటే 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు, ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి.

ఏది తీసుకెళ్లినా, ఇంట్లోనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ప్రతి సినిమానూ ఒకసారి తెరిచి చూడండి. గడువు తీరిన డౌన్‌లోడ్ గాల్లో తెరుచుకోదు.