పర్పస్లీనా, పర్పస్‌ఫుల్లీనా, ఆన్ పర్పసా? ఏది మేలు?

బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక మెయిల్‌లో 'ద టీమ్ ఈజ్ వర్కింగ్ పర్పస్లీ ఆన్ ద డిలే' అని రాశా. పట్టుదలగా పనిచేస్తున్నాం అని చెప్దామని నా ఉద్దేశం, కానీ చదివినోళ్లకి కావాలనే లేట్ చేస్తున్నాం అన్నట్టు వినపడింది. మా కన్నడ మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చి 'బేకంతలే లేట్ మాడ్తిద్దీరా?' అని ఒకటే నవ్వు.

ఆ బేకంతలే దగ్గరే నాకు బల్బు వెలిగింది. మనం కావాలని అంటాం, వాళ్లు బేకంతలే, తమిళోళ్లు వేణుమ్నే, మూడింట్లోనూ ఉన్నది 'కావాలి' అనే మాటే. పర్పస్లీ అంటే కరెక్ట్‌గా అదే, పొరపాటున కాదు, తెలిసే చేశాడు అని. పర్పస్‌ఫుల్లీ వేరే, ఒక లక్ష్యం పెట్టుకుని అటూ ఇటూ చూడకుండా చేయడం. తలుపు పర్పస్లీ వేశాడంటే మీ మొహం మీదే వేశాడేమో, పర్పస్‌ఫుల్లీ నడిచాడంటే మాత్రం ఎక్కడికెళ్లాలో తెలిసినోడిలా నడిచాడు. ఇప్పుడు ఇంగ్లీషోళ్లలోనే కొందరు రెండూ కలిపేస్తున్నారు కానీ ఆఫీసు మెయిల్‌లో మనకెందుకా రిస్కు.

ఇక ఆన్ పర్పస్, అర్థం పర్పస్లీదే, కాకపోతే వాక్యం చివర్లో కూర్చుంటుంది, 'హీ డిడ్ ఇట్ ఆన్ పర్పస్' అని. మాట్లాడేటప్పుడు నా ఓటు దీనికే, ఎందుకంటే ఫుల్లీతో తికమక పడే ఛాన్సే లేదు. ఆ 'ఆన్' మింగేసి 'ఐ డిడ్ ఇట్ పర్పస్' అనకపోతే చాలు. అయినా మన 'పనిగట్టుకుని'లో ఉన్న కారం ఈ మూడింట్లో దేనికీ లేదు, పనిగట్టుకుని వచ్చి మరీ తిట్టాడు అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పి చూడండి.

ఉత్త పర్పస్ అయితే ఈ గొడవేం లేదు, ఉద్దేశం అనో ప్రయోజనం అనో సరిపెట్టేయొచ్చు. నాగార్జునసాగర్‌ని బహుళార్థసాధక ప్రాజెక్టు అంటారే, మల్టీపర్పస్‌కి తెలుగు అదే, అందులో అర్థం అంటే మీనింగ్ కాదు, పర్పసే. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్‌లో కూడా 'పర్పస్ ఆఫ్ విజిట్' అని ఒక గడి ఉంటుంది, అందరూ డెలివరీ, గెస్ట్, ప్లంబర్ అని రాస్తారు. మొన్న అనంతపురం నుంచి వచ్చిన మా మామయ్య ఆ గడిలో తెలుగులో 'ఊరికే' అని రాసి సంతకం పెట్టొచ్చాడు.