యాక్షన్ రీసెర్చ్ కోర్సు: రెండేళ్లు వాడి చూశాక

యాక్షన్ రీసెర్చ్ అంటే టీచరే తన క్లాసులో సమస్యను పట్టుకుని, ఒక మార్పు చేసి, ఏమైందో చూసుకోవడం. దాని మీద ఒక విదేశీ యూనివర్సిటీవాళ్ల పీజీ కోర్సు, పన్నెండు వారాలు, మొత్తం ఆన్‌లైన్. ఫీజుకు నా నెల జీతంలో సగం పోయింది. అయిపోయిన వారంలోనే రాసుంటే ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ణి. రెండేళ్లు దాటాక ఇప్పుడు మూడున్నర ఇస్తున్నా.

నేను కర్నూలు జిల్లా ఆదోని వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బీఎడ్‌లో యాక్షన్ రీసెర్చ్ రికార్డు అందరిలాగే నేనూ రాశా, సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, స్కూలు పేరు మార్చి. సమస్య, పరికల్పన, ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, చివర్లో ‘ప్రగతి కనిపించినది’. ప్రగతి కనిపించని రికార్డు ఎక్కడన్నా ఒక్కటైనా ఉంటుందా అని ఇప్పటికీ నా అనుమానం.

మొదటి రెండు వారాలూ చరిత్రే. యాక్షన్ రీసెర్చ్ మీద 1946లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసం మైనారిటీల సమస్యల గురించి, బడి గురించి కాదు. ఆ పద్ధతిని 1950లలో అమెరికా బడుల్లోకి తెచ్చినవాళ్లలో స్టీఫెన్ కోరీ ముఖ్యుడు. టీచరే పరిశోధకుడు కావాలని బ్రిటన్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్ వాదించాడు. చదవడానికి బాగానే ఉంది. రెఫరెన్సుల్లో కామాలు, ఫుల్‌స్టాపులు సరిచేయడానికి పోయిన రాత్రుళ్లు తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

అసలు కోర్సు మూడో వారంలో మొదలైంది. మీ క్లాసు మీరే రికార్డు చేసి వినండి అన్నారు. ఏడో తరగతి, పూర్ణసంఖ్యలు. ఫోను చాక్‌పీసుల డబ్బాకు ఆనించి పెట్టి, రాత్రి మిద్దె మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నా. “మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేస్తే ఎంత?” అని నా గొంతు. ఊపిరి తీసుకునేంత సందు కూడా లేదు, “రెండు, అంతే కదా?” అని మళ్లీ నా గొంతే. “ఔన్సార్” అని క్లాసంతా. కాగితం మీద గీతలు పెట్టుకుంటూ ఇంకోసారి విన్నా. 40 నిమిషాల్లో 41 ప్రశ్నలు అడిగాను. పిల్లలు చెప్పిన జవాబులు 9, అవన్నీ ముందు బెంచీ ముగ్గురివే. ‘మా పిల్లలు నోరు విప్పరండీ’ అని స్టాఫ్‌రూములో పన్నెండేళ్లుగా వాపోతున్నది నేనే.

ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికాలో మేరీ బడ్ రో 1970లలోనే చూపించింది. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. బోర్డు ముందు నోరు మూసుకుని నిలబడి చూడండి, హెచ్ఎం కిటికీలోంచి చూస్తే ఏమనుకుంటారో అని చెమట్లు పడతాయి. వేలితో తొడ మీద తట్టుకుంటూ లెక్కపెట్టాను. పది రోజులకు వెనక బెంచీ పిల్లవాడొకడు జవాబు చెప్పాడు. తప్పు జవాబే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా అంటే, “యాడ సార్, మీరే చెప్పేస్తారు కదా” అన్నాడు.

ఇక నచ్చనివి. లైవ్ క్లాసులు మనకు రాత్రి పదకొండున్నరకు. అసైన్‌మెంటు మీద అభిప్రాయం చెప్పేసరికి మూడు వారాలు, అప్పటికి ఆ పాఠమే అయిపోయేది. తల్లిదండ్రుల అనుమతి పత్రం ఇంగ్లీషులో నాలుగు పేజీలు. దాన్ని తెలుగులో అర పేజీకి కుదించి చదివి వినిపిస్తే, “ఇది పింఛనుకా సార్?” అని అడిగింది ఒకవ్వ. కాదనేసరికి వేలిముద్ర వెయ్యడానికి వెనకాడింది.

పెద్ద లోపం వేరే. ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, సమీక్ష అనే చక్రాన్ని పన్నెండు వారాల్లో రెండుసార్లు తిప్పాలి. నా రెండో చక్రం జనవరిలో పడింది. అప్పటికి మా ఊళ్లు సుగ్గికి కదులుతాయి. ఇళ్లకు తాళాలేసి మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు, పిల్లలూ వెంటే. వలసపోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నా, అందరూ పిల్లల్ని వదిలిపోరు. క్లాసులో 46 మందికి 29 మంది మిగిలారు. ఆ వెనక బెంచీవాడూ వెళ్లిపోయాడు. ముందు పరీక్ష, తర్వాత పరీక్ష రెండూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి అన్నారు కోర్సువాళ్లు. వాళ్ల నమూనా ప్రకారం అది సరైనదే.

ఈ కోర్సులో ప్రతి ఒక్కరికీ ‘క్రిటికల్ ఫ్రెండ్’ అని, మన పని చూసి ప్రశ్నలడిగే తోటి టీచర్నొకర్ని జత చేస్తారు. నాకు కెన్యా టీచరమ్మ. “వెళ్లిపోయిన పిల్లలు నీ క్లాసు నుంచి ఏం తీసుకెళ్లారు?” అని ఒకే ప్రశ్న పంపింది. జవాబు రాయలేకపోయాను. 29 మందితోనే రిపోర్టు పెట్టా, మంచి గ్రేడే వచ్చింది. బీఎడ్ రికార్డు చివరి వాక్యమే మళ్లీ రాశాను, ఈసారి ఇంగ్లీషులో.

మరుసటి ఏడాది సుగ్గికి పోయే 14 మందికి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఇరవై లెక్కలు రాసిచ్చాను. తిరిగొచ్చినవి నాలుగు. ఒకదాంట్లో నేనిచ్చిన లెక్క ఒక్కటీ లేదు. వాళ్లమ్మ రోజూ కోసిన మిరప తూకం, రావలసిన కూలి, మేస్త్రీ ఇచ్చింది, ఇంకా రావలసింది పేజీల కొద్దీ రాసుకుంది ఆ పిల్ల. బాకీల ముందు మైనస్ గుర్తు పెట్టింది. ఇప్పుడు ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు ఆ పుస్తకంతోనే మొదలుపెడుతున్నా.

ప్రమోషన్ కోసమైతే చేరకండి, నాకేమీ కలిసిరాలేదు. చేరేవాళ్లు, ముఖ్యంగా మాలాగే సుగ్గికి పోయే కోసిగి, కౌతాళం వైపు పనిచేసేవాళ్లు, జులై బ్యాచ్ పట్టుకోండి. డిసెంబరు లోపు రెండు చక్రాలూ అయిపోతాయి.