జీతం 21,000 దాటించుకోవాలా, ఈఎస్ఐలోనే ఉండాలా?

మార్చి నెలాఖరుకు వచ్చేసరికి హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల కార్ఖానాల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "సార్, ఇప్పుడు 20,800 వస్తోంది. ఏప్రిల్ నుంచి 22,000 చేస్తామంటున్నారు. ఈఎస్ఐ పోతుందట. ఒప్పుకోమంటారా?" ఈఎస్ఐ అంటే చందా కట్టే కార్మికులకు వైద్యం, గాయానికి డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా; నెల జీతం 21,000 దాటినవాళ్లకు అది వర్తించదు. చిన్న కార్ఖానాలకు పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు చూసిపెట్టడం నా వృత్తి కాబట్టి అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక తగ్గింది, అందుకే రాస్తున్నాను.

ఈఎస్ఐ దాటినవాడికి పనిలో దెబ్బ తగిలితే దిక్కు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, అంటే యజమాని చేత గాయానికి డబ్బు ఇప్పించేది. ఈఎస్ఐలో ఉన్నవాడికి ఆ పరిహారం అడిగే హక్కు లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ రెండింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది గానీ, ఇది ఉంటే అది లేదన్న పద్ధతి మారలేదు. కార్ఖానాల్లో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి, నేనూ అవే వాడతాను.

చాలామంది ఆలోచన ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరే ఆగిపోతుంది. డిస్పెన్సరీలో క్యూ, మందుల కోసం మళ్లీ రమ్మనడం, రెఫరల్ కాగితం కోసం తిరగడం. నిజమే, కాదనను. పరిహార చట్టంలో వైద్యానికి అయిన ఖర్చు యజమాని ఇవ్వాలి, నచ్చిన ఆసుపత్రికి వెళ్లవచ్చు. అయితే అది మీ గాయానికి మాత్రమే. మీ అమ్మ మోకాళ్ల నొప్పికి, పిల్లవాడి జ్వరానికి ఈఎస్ఐ కార్డే పనికొస్తుంది.

అసలు తేడా డబ్బు లెక్కలో ఉంది. నాకు తెలిసిన ఒకతను రేకును అచ్చుకొట్టే పవర్ ప్రెస్ మీద పనిచేసేవాడు. వయసు 30. రేకు డై (అచ్చు) మీద సర్దుతుండగా కాలు పెడల్ మీద పడింది. పని జోరు తగ్గుతోందని అంతకుముందే చేతికి అడ్డుగా ఉండే గార్డు తీసి గోడకు ఆనించారు. ఎడమ చూపుడు వేలు మొదలంటా పోయింది. రెండు చట్టాల పట్టికలోనూ ఆ వేలి ఖరీదు ఒకటే: సంపాదన శక్తిలో 14 శాతం నష్టం. తేడా అక్కడి నుంచి మొదలవుతుంది. పరిహార చట్టం మీ జీతం ఎంతైనా నెలకు 15,000 మించి లెక్కలోకి తీసుకోదు. 2020 జనవరి నుంచి పరిమితి అదే. అందులో 60 శాతం, 30 ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న 207.98తో గుణిస్తే, దానిలో 14 శాతం 2,62,055 రూపాయలు. ఒకేసారి వస్తుంది, అక్కడితో సరి. ఈఎస్ఐ అతని అసలు జీతం 20,800 మీద 90 శాతం లెక్కగట్టి, అందులో 14 శాతం ఇస్తుంది. అంటే నెలకు సుమారు 2,620. వంద నెలల్లో అక్కడి మొత్తం ఇక్కడ అందుతుంది. ఆ తరువాత కూడా, బతికున్నంత కాలం వస్తుంది. అతను గాయం మానాక అదే ప్రెస్ మీద అదే జీతానికి చేరాడు, అయినా ఆ 2,620 ఆగలేదు. గాయం మానే రోజుల్లో కూడా ఈఎస్ఐలో 90 శాతం వస్తే, పరిహార చట్టంలో సగమే, అదీ ఆ 15,000 పరిమితిలోనే.

ప్రాణం పోయిన సందర్భంలో తేడా ఇంకా పెద్దది. అదే వయసు, అదే జీతం అనుకుంటే కుటుంబానికి పరిహారంగా 15,59,850 వస్తుంది. ఈఎస్ఐలో భార్యకూ బిడ్డకూ కలిపి నెలకు సుమారు 18,720. ఏడేళ్లు తిరిగేసరికి పరిహారం మొత్తాన్ని దాటుతుంది. అప్పులు తీర్చుకోవాల్సిన ఇంటికి పెద్ద మొత్తం అక్కరకొస్తుందన్నది నిజమే. కానీ ఆ మొత్తం చుట్టూ చేరే బంధువులను కూడా చూశాను.

ఇదంతా ఒక ఎత్తు. నా దృష్టిలో తేల్చేది వేరే ఉంది: డబ్బు ఇచ్చేదెవరు? పరిహార చట్టంలో మీ యజమానే. పాలసీ తీసుకోకపోతే జేబులోంచి ఇవ్వాలి. పదిమంది పనివాళ్ల షెడ్డు యజమాని దగ్గర పదిహేను లక్షలు ఎక్కడుంటాయి? ముందు "మనవాడే, చూసుకుంటాం" అంటాడు. తరువాత "అతను మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అంటాడు. అప్పుడు పరిహార కేసులు వినే కమిషనర్ ముందు దరఖాస్తు వేయాలి, రెండేళ్లలోపు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ ఉంది, పరిహారంలో సగం దాకా జరిమానా కూడా ఉంది. కానీ రోజూ తలుపు తీసి పని ఇచ్చే మనిషి మీదే కేసు వేయాలి. ఈఎస్ఐలో ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషన్. యజమాని చందా ఎగ్గొట్టినా మీ హక్కు పోదు, కార్పొరేషన్ మీకిచ్చి అతని దగ్గర వసూలు చేసుకుంటుంది. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది.

కంపెనీ తీసే గ్రూపు ప్రమాద పాలసీ సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. పైన ఉంటే మంచిదే, దాన్నే నమ్ముకోకండి. ఉద్యోగం మానిన రోజే అదీ పోతుంది.

కాబట్టి బిల్లింగులో, స్టోర్స్‌లో కూర్చుని పనిచేసేవాళ్లు 22,000 తీసుకోండి, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య పాలసీ ఇప్పించమనండి. ప్రెస్, షియరింగ్ మెషిన్, బాయిలర్, రసాయనాల దగ్గర ఉన్నవాళ్లయితే నేను 20,800 దగ్గరే ఆగమంటాను. మీ చందా నెలకు 156 రూపాయలు.

పెంపు తప్పదంటే మాత్రం ఏప్రిల్‌లో కాక మే నుంచి ఇవ్వమనండి. చందా కాలం ఏప్రిల్ ఒకటిన మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుంది. మొదలయ్యాక జీతం 21,000 దాటితే ఆ కాలం చివరిదాకా మీరు ఈఎస్ఐలోనే ఉంటారు. మీకు పోయేది ఒక నెల పెంపు, 1,200 రూపాయలు. యజమానికి ఆ ఐదు నెలలూ నెలకు 715 చొప్పున పడుతుంది. అందుకే ఒప్పుకోవడానికి కాస్త గొణుగుతాడు.