గర్భసంచి లేకపోతే ఏది మేలు: సరోగసీనా, మార్పిడా?

పదహారేళ్లు దాటినా నెలసరి రాలేదని స్కానింగ్ చేయిస్తే, పుట్టుకతోనే గర్భసంచి లేదని తేలే ఆడపిల్లలు ఐదు వేల మందిలో ఒకరుంటారు. అండాశయాలు బాగానే ఉంటాయి, బిడ్డ పెరిగే చోటే ఉండదు. కాన్పులో రక్తస్రావం ఆగకో, క్యాన్సర్ వల్లో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్లదీ ఇదే బాధ. సొంత బిడ్డే కావాలంటే వీళ్లకు రెండు దారులున్నాయి: తమ బిడ్డను మరొకరు మోసే సరోగసీ, మరొకరి గర్భసంచిని ఆపరేషన్‌తో పెట్టించుకునే మార్పిడి.

సరోగసీలో ఆమె ఒంటి మీద పడే భారం తక్కువ: అండాలు తీయించుకుంటే చాలు. తొమ్మిది నెలలు మోసేది మరొకరు. మన దేశంలో 2021 చట్టం ప్రకారం ఆ మోసే మనిషి డబ్బు తీసుకోకూడదు. వైద్య ఖర్చులు, బీమా, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు మాత్రమే ఇవ్వాలి. ఆమెకు పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, వయసు 25 నుంచి 35 లోపు ఉండాలి. అదీ జీవితంలో ఒక్కసారే. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది? చాలా ఇళ్లలో చూపు చెల్లెలి మీదకో, తోడికోడలి మీదకో పోతుంది. కాదనలేని స్థితిలో ఆమె ఒప్పుకుంటే దాన్ని ఇష్టమని ఎలా అంటాం?

కూతురి కోసం ప్రాణమైనా ఇచ్చే యాభై ఏళ్ల తల్లి ఈ వయసు నిబంధన వల్ల సరోగేట్‌గా బిడ్డను మోయలేదు, కానీ గర్భసంచి ఇవ్వగలదు. 2014లో స్వీడన్‌లో మార్పిడి తర్వాత పుట్టిన తొలి బిడ్డ విషయంలో దాత వయసు 61 ఏళ్లు. 2017లో పుణెలో ఓ తల్లి కూతురికి ఇచ్చింది, మరుసటి ఏడాది బిడ్డ పుట్టింది. తను పెరిగిన గర్భసంచిలోనే తన బిడ్డనూ మోసింది ఆ కూతురు! ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

అయితే దీనికి చెల్లించేది చాలా ఎక్కువ. ముందే ఐవీఎఫ్‌తో, అంటే ల్యాబ్‌లో అండాన్ని వీర్యకణంతో కలిపి, పిండాలు తయారు చేసి దాచాలి, ఎందుకంటే మార్పిడిలో అండాన్ని గర్భసంచికి చేర్చే ఫెలోపియన్ ట్యూబులు కలపరు. తర్వాత గంటల తరబడి ఆపరేషన్, నెలల తర్వాత పిండం పెట్టడం, ఆపైన సిజేరియన్. ఒకరిద్దరు పిల్లలయ్యాక ఆ గర్భసంచిని తీసేస్తారు. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ, గర్భంతో ఉన్నప్పుడూ, శరీరం దాన్ని తిరస్కరించకుండా మందులు మింగాలి. ఇన్ఫెక్షన్ల భయం, కిడ్నీల టెన్షన్ వాటితోనే వస్తాయి. అమెరికాలోని డాలస్‌లో 20 మందికి చేస్తే 14 మందికే నిలిచింది. ఆ 14 మందీ తల్లులయ్యారు. మిగతా ఆరుగురికి ఆపరేషన్ బాధే మిగిలింది. దాతకూ మూత్రనాళం దెబ్బతినే ముప్పుంది.

మనస్ఫూర్తిగా మోసే మనిషి దొరికితే ఇవాళ్టికి సరోగసీయే మేలంటాను. దొరకనప్పుడు, తానే మోయాలన్న కోరిక అంత బలంగా ఉన్నప్పుడే మార్పిడి. చనిపోయినవారి నుంచి తీసుకోగలిగితే దాత ముప్పు ఉండదు. బ్రెజిల్‌లో 2017లో అలా బిడ్డ పుట్టింది కూడా. రక్తసంబంధం పట్టింపు లేనివాళ్లకు దత్తత ఉంది. నిరీక్షణ ఏళ్లు పట్టినా, అందులో ఎవరి ఒంటి మీదా కత్తి పడదు.

మార్పిడికే సిద్ధపడితే సంతకం పెట్టే ముందు డాక్టర్‌ను సూటిగా అడగండి: ఇక్కడ ఎంతమందికి చేశారు, ఎన్ని నిలిచాయి, ఎంతమంది బిడ్డతో ఇంటికెళ్లారు, దాతలు ఇప్పుడెలా ఉన్నారు?