ఐఓఎస్ఎస్ + ఇంటర్మీడియరీ సర్వీస్ రివ్యూ: యూరప్‌కి చిన్న షాపు నుంచి బట్టలు పంపేవాళ్ళ కోసం (5కి 3.5)

ఐఓఎస్ఎస్ (ఇంపోర్ట్ వన్ స్టాప్ షాప్) అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాలకి పంపే సరుకు మీద అక్కడి వ్యాట్, అంటే మన జీఎస్టీ లాంటి పన్ను, మనమే ముందు వసూలు చేసి కట్టే స్కీమ్. ఇంటర్మీడియరీ అంటే దాన్ని మన తరఫున నడిపే అక్కడి ఏజెంటు. ముందే చెప్పేస్తా, 150 యూరోల లోపు ఆర్డర్లు ఎక్కువ వచ్చే షాపులకి ఇది డబ్బులు పెట్టదగ్గ సర్వీసే. నెలకి నాలుగైదు పార్సిళ్ళు పంపేవాళ్ళకి మాత్రం దండగ, వాళ్ళకి వేరే దారి ఉంది, కింద రాశా.

మాది మంగళగిరి కాటన్ కుర్తాలు, పెడన కలంకారీ స్టోల్స్, బ్యాగులు అమ్మే చిన్న ఆన్‌లైన్ షాపు. యూరప్‌లో మొదట్లో కొన్నది అంతా మనవాళ్ళే, డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, జర్మనీలో ఎమ్మెస్ చేసే పిల్లలు, తర్వాత వాళ్ళని చూసి అక్కడి వాళ్ళు కూడా కొనడం మొదలెట్టారు. మనవాళ్ళైతే పార్సిల్ వచ్చినప్పుడు కొరియర్ అబ్బాయి ట్యాక్స్ అడిగితే తిట్టుకుంటూ అయినా కట్టేస్తారు అండి, అక్కడి కస్టమర్ అలా కాదు, "నేను మొత్తం కట్టేశాగా" అని పార్సిల్ తీసుకోడు, అది తిరిగి మనకొస్తుంది, రానుపోను షిప్పింగ్ మన నెత్తిన.

అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే, 2021 జులై 1కి ముందు 22 యూరోల లోపు సరుకుకి వ్యాట్ ఉండేది కాదు. ఆ రోజు నుంచి అది తీసేశారు, ఇప్పుడు 10 యూరోల పర్సుకి కూడా వ్యాట్ కట్టాల్సిందే. అదే రోజు ఐఓఎస్ఎస్ కూడా వచ్చింది, అంటే చెక్అవుట్‌లోనే కస్టమర్ దగ్గర వాళ్ళ దేశం రేటు ప్రకారం వ్యాట్ వసూలు చేసేసి, నెలకోసారి మొత్తం 27 ఈయూ దేశాల లెక్క ఒకే రిటర్న్‌లో కట్టేయడం. పార్సిల్ కస్టమ్స్‌లో వ్యాట్ కోసం ఆగదు, ఇంటి దగ్గర ఎవరూ ఒక్క సెంటు అడగరు. ఇది లేకపోతే వ్యాట్‌తో పాటు కొరియర్ వాళ్ళ హ్యాండ్లింగ్ ఫీజు కూడా కస్టమర్‌కి పడుతుంది, చిన్న ఆర్డర్లలో ఒక్కోసారి ఆ ఫీజు వ్యాట్ కంటే ఎక్కువ ఉంటుంది, అసలు మంట అక్కడే.

రేట్లు ఒక్కో దేశానికి ఒక్కోలా. జర్మనీ 19 శాతం, ఫ్రాన్స్ 20, నెదర్లాండ్స్ 21, ఐర్లాండ్ 23, స్వీడన్ 25, హంగరీలో 27. ఇది వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్ చార్జీ మీద కూడా పడుతుంది. 60 యూరోల కుర్తా, 15 షిప్పింగ్ అనుకోండి, 75 మీద జర్మనీ కస్టమర్‌కి 14.25, ఐర్లాండ్ కస్టమర్‌కి 17.25, హంగరీ అయితే 20.25. సైట్లో అందరికీ ఒకే రేటు పెడదాం అనుకుంటే హంగరీ ఆర్డర్లో మన మార్జిన్ ఎగిరిపోతుంది, దేశాన్ని బట్టి లెక్కేసే సెట్టింగ్ తప్పనిసరి.

ఇక సర్వీసు సంగతి. ఇండియా నుంచి అమ్మే షాపు నేరుగా ఐఓఎస్ఎస్ తీసుకోవడానికి వీల్లేదు, ఈయూలో ఉన్న ఇంటర్మీడియరీని పెట్టుకోవాలి, వాళ్ళే రిజిస్టర్ చేయించి ఐఎం అని మొదలై పది అంకెలుండే నంబర్ తెప్పిస్తారు. మనం కట్టకపోతే అక్కడి ట్యాక్స్ వాళ్ళు ముందు పట్టుకునేది వాళ్ళనే కాబట్టి అంత జాగ్రత్తగా ఉంటారు, మొదట్లోనే సెక్యూరిటీ డిపాజిట్, పాస్‌పోర్ట్ కాపీ, కంపెనీ కాగితాలు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అన్నీ అడిగారు. నేను పెట్టుకున్న వాళ్ళ పేరు రాయట్లేదు, ఎందుకంటే తర్వాత నేను రేట్లు అడిగిన మిగతావాళ్ళదీ దాదాపు ఇదే తీరు.

నచ్చినవి: నంబర్ వచ్చాక పని నిజంగానే సాఫీగా నడిచింది. ఆర్డర్ల ఫైల్ అప్‌లోడ్ చేస్తే దేశాలవారీగా వ్యాట్ లెక్క వచ్చేస్తుంది, నెలాఖరు నాటి యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటుతో యూరోల్లోకి మార్చేస్తుంది. రిటర్న్ గడువు తర్వాతి నెలాఖరు. అన్నిటికంటే పెద్ద లాభం, "పార్సిల్ తీసుకోను" అనే కస్టమర్లు దాదాపు లేకుండా పోయారు. సైట్లో "ట్యాక్స్‌లు కలిపే, డెలివరీ టైంలో ఏమీ కట్టక్కర్లేదు" అని రాసుకోగలగడం వల్ల అక్కడి వాళ్ళ ఆర్డర్లు పెరిగాయి, నా లెక్కలో ఫీజు ఇక్కడే తిరిగొచ్చింది.

నచ్చనివి: అమ్మకాలు లేని నెలకి కూడా సున్నా అని చూపించే నిల్ రిటర్న్ వేయాలి, అది రూలే, కానీ దానికీ ఫుల్ ఫీజు. వ్యాట్ రేట్లలో మినహాయింపులు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి పట్టవు. ఐర్లాండ్‌లో చిన్నపిల్లల బట్టలకి వ్యాట్ సున్నా అండి, నేను పట్టుపరికిణీలకి 23 ఎందుకు పడుతోందని మెయిల్ పెడితే జవాబు కోసం చాలా రోజులు చూడాల్సొచ్చింది, చివరికి సరిచేశారు. రికార్డులు పదేళ్ళు దాచాలన్న సంగతి కూడా వాళ్ళు చెప్పలా, మా ఆడిటర్ గారు చదివి చెప్పారు (పాపం ఆయనకి ఇదంతా కొత్త, మన జీఎస్టీ వైపు ఎక్స్‌పోర్ట్ కాబట్టి ఎల్‌యూటీ, అంటే జీఎస్టీ కట్టకుండా ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఇచ్చే హామీ పత్రం, వేసుకుంటే సరిపోతుంది, ఈ వ్యాట్‌కి దానికి సంబంధం లేదు). పదేపదే గడువు దాటితే రెండేళ్ళ పాటు స్కీమ్ నుంచి బయటే, కాబట్టి ఫైలింగ్ వాళ్ళ మీద వదిలేయకుండా ప్రతి నెలా రసీదు అడిగి తీసుకోండి.

ఇంకోటి, నంబర్ ఉంటే చాలదు, అది కొరియర్ వాళ్ళ ఎలక్ట్రానిక్ డేటాలో వెళ్ళాలి. అట్ట పెట్టె మీద రాస్తే పని జరగదు, పైగా ఎవరైనా చూసి వాడేసుకునే రిస్క్. నేను వాడిన ఒక కొరియర్ ఆ నంబర్ పంపకుండా వదిలేస్తే నెదర్లాండ్స్ కస్టమర్ దగ్గర మళ్ళీ వ్యాట్ వసూలు చేశారు, ఆవిడకి మేము తీసుకున్న వ్యాట్ వెనక్కిచ్చి, ఆవిడ కట్టిన రసీదు ఫైల్లో పెట్టి, తర్వాతి రిటర్న్‌లో కరెక్షన్ వేయించాం. కొరియర్ మార్చేశా. లేబుల్ తీసే స్క్రీన్‌లో ఐఓఎస్ఎస్ అని విడిగా గడి ఉందా, కనీసం ఆరంకెల హెచ్ఎస్ కోడ్ (వస్తువు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబర్) అడుగుతోందా అని ముందే చూసుకోండి, లేకపోతే ఆ కొరియర్ యూరప్‌కి పనికిరాదు.

150 యూరోల గీత గురించి అందరూ కన్ఫ్యూజ్ అవుతారు. అది వ్యాట్ కాకుండా సరుకు విలువ, ఇన్వాయిస్‌లో షిప్పింగ్ విడిగా చూపిస్తే షిప్పింగ్ కూడా కలవదు. 145 కుర్తా సెట్, 20 షిప్పింగ్ అయినా ఐఓఎస్ఎస్‌లో వెళ్తుంది. కానీ ఒకే కస్టమర్‌వి రెండు ఆర్డర్లు ఒకే పెట్టెలో పెట్టి మొత్తం 150 దాటిందా, అది ఐఓఎస్ఎస్‌కి పనికిరాదు. షిప్పింగ్ మిగిల్చుదామని ప్యాకింగ్ అమ్మాయిలు కలిపేస్తుంటారు, వాళ్ళకి గట్టిగా చెప్పాలి.

150 దాటితే కథే వేరు, అక్కడ కస్టమ్స్ డ్యూటీ (దిగుమతి సుంకం) కూడా పడుతుంది. చాలా రెడీమేడ్ బట్టలకి 12 శాతం. 200 యూరోల సెట్, 30 షిప్పింగ్, జర్మనీకి అనుకోండి. 230 మీద 12 శాతం అంటే 27.60 డ్యూటీ, ఆ రెండూ కలిపిన 257.60 మీద 19 శాతం అంటే 48.94 వ్యాట్, మొత్తం దాదాపు 76.50 యూరోలు, పైన కొరియర్ ఫీజు. 200 పెట్టి కొన్న మనిషిని గుమ్మం దగ్గర ఇంత అడిగితే ఎవరు కడతారు చెప్పండి? అందుకే మేము పెద్ద ఆర్డర్లకి డీడీపీ, అంటే డ్యూటీలన్నీ మనమే ముందు కట్టేసే పద్ధతి వాడుతున్నాం, ధరలోనే కలిపేస్తాం. ఇంటర్మీడియరీ ఇందులో ఏమీ సాయం చేయడు, నేను అర స్టార్ కోసింది దీనికే, సేల్స్ కాల్‌లో "యూరప్ మొత్తం కవర్" అని చెప్పి ఈ ముక్క దాటేస్తారు. "గిఫ్ట్ అని రాసేయండి, విలువ తగ్గించి రాయండి" అని సలహాలిచ్చే వాళ్ళుంటారు, గిఫ్ట్ మినహాయింపు మనిషి మనిషికి పంపే 45 యూరోల లోపు వాటికి, షాపుకి కాదు, దొరికితే ఆ తర్వాత మన ప్రతి పార్సిల్ మీదా కన్నే.

ఇక 150 లోపు డ్యూటీ లేదన్న సుఖం కూడా పోయేలా ఉంది. 2024లో ఈయూలోకి 460 కోట్ల చిన్న పార్సిళ్ళు వచ్చాయట, అందులో 91 శాతం చైనావి. అది ఆపడానికి 2026 జులై 1 నుంచి 150 లోపు వాటికి వస్తువుకి 3 యూరోల చొప్పున డ్యూటీ అని 2025 డిసెంబర్‌లో ఈయూ దేశాల మంత్రులు ఒప్పుకున్నారు. లెక్క హెచ్ఎస్ కోడ్‌ని బట్టి. ఒకే రకం స్టోల్స్ ఐదు పంపితే 3, కుర్తా, స్టోల్ కలిపి పంపితే రెండు కోడ్‌లు కాబట్టి 6. 60 యూరోల కుర్తాకి 3 అంటే పర్లేదు, మామూలు 12 శాతం కంటే తక్కువే. 15 యూరోల కలంకారీ పర్సుకి 3 అంటే ఐదో వంతు, చైనా వాడి కోసం తీసిన కర్ర మన పెడన మీద పడింది. మా చిన్న ఐటమ్స్ అన్నీ ఒకే కోడ్ ఉన్నవి మూడేసి సెట్లుగా మార్చేస్తున్నాం.

"ఇండియా ఈయూ డీల్ అయిపోయిందిగా, ఇంక ట్యాక్స్ ఉండదుగా" అని వాట్సాప్‌లో అడుగుతున్నారు. 2026 జనవరి 27న చర్చలు ముగిశాయని ప్రకటించిన మాట నిజమే, కానీ సంతకాలు, ఆమోదాలు అయి అమల్లోకి రావాలి, పైగా అది డ్యూటీ సంగతి, వ్యాట్ ఎప్పటికీ అలాగే ఉంటుంది.

తక్కువ ఆర్డర్లున్నవాళ్ళకి చెప్తా అన్న దారి ఇదే: ఎట్సీ, ఈబే లాంటి వాటిలో అమ్మితే 150 లోపు వ్యాట్ వాళ్ళే వసూలు చేసి వాళ్ళ నంబర్ మీద కట్టేస్తారు, మీకు ఇంటర్మీడియరీ అక్కర్లేదు, ఆర్డర్లో వాళ్ళిచ్చే నంబర్ లేబుల్ డేటాలో పెడితే చాలు. కమిషన్ పోతుంది నిజమే, కానీ నెలనెలా ఫీజు కంటే నయం. లండన్ ఆర్డర్లకి మాత్రం ఐఓఎస్ఎస్ చెల్లదు, యూకే ఈయూలో లేదు, అక్కడ 135 పౌండ్ల గీత, 20 శాతం వ్యాట్, వేరే రిజిస్ట్రేషన్. స్విట్జర్లాండ్, నార్వే కూడా వేరే.

ట్యాక్స్ కాదు గానీ ఇంటర్మీడియరీ చెప్పని ఇంకో రెండు: 2024 డిసెంబర్ 13 నుంచి అక్కడ అమ్మే వస్తువులకి ఈయూలో ఒక బాధ్యుడి పేరు, అడ్రస్ చూపించాలి, దీనికి విడిగా ఫీజు. జర్మనీకి ఒక్క పార్సిల్ పంపినా ప్యాకింగ్ అట్టల కోసం లూసిడ్ అనే అక్కడి ప్యాకేజింగ్ రిజిస్టర్‌లో నమోదు కావాలి. కొండపల్లి బొమ్మలు పెట్టండి అని అడుగుతారు, పిల్లల బొమ్మలంటే సీఈ మార్కు (ఈయూ భద్రతా ప్రమాణాలకి సరిపోతుందనే గుర్తు) టెస్టింగ్ కావాలి, మేము పెట్టలేదు.

స్టార్లు: ఐఓఎస్ఎస్ స్కీమ్‌కి 4, నేను వాడిన ఇంటర్మీడియరీకి 3. కాంట్రాక్ట్ ఈసారి ఏడాదికి కాకుండా మూడు నెలలకే రెన్యూ చేశా, జులై డ్యూటీ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఎక్కిందో లేదో చూసి ఈ రివ్యూ అప్డేట్ చేస్తా.